ఒక ఆడశిశువు తాత్కాలిక బదిలీ

కామారెడ్డి,
19 మార్చి 2012

పూజ్యులైన అబ్రాహాము అన్నకు,

తమ్ముడు జోయల్ వందనాలతో వ్రాయునది. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని నీవు అడుగవు. నోటిమాటకు ఇన్‌వర్డ్ నంబరు ఉండదనీ, నంబరు లేనిది జరగలేదని భావించవలెననీ నాకు నేర్పినవాడివి నీవే. పైగా మీ ఇంట్లో ఫోన్ మోగితే మనల్ని కన్న అవ్వకు వినబడదని స్పీకరు పెడతారు. అప్పుడు సమాచారం అవ్వకు తప్ప వీధి మొత్తానికి అందుతుంది. కనుక ఇది నీ ఆఫీసు చిరునామాకు పంపుతున్నాను.

మా కృపాకర్‌కు జనవరిలో ఎక్కించిన బొడ్డు రక్తం నాటుకోలేదు.

పూర్వరంగం నీకు తెలిసినదే అయినా వ్రాయడం మర్యాద. ఆరేండ్ల పిల్లవాడికి ఎముకల్లో మూలుగ ఎండిపోయి రక్తం తయారీ నిలిచిపోయింది. అప్పటికే ఎస్తేరు కడుపుతో ఉన్నది. నవంబరులో పాప పుట్టగానే బొడ్డుతాడులో మిగిలిన రక్తాన్ని తీసి పరీక్షించి, అన్నకు సరిగ్గా సరిపోయిందని హైదరాబాదు డాక్టరమ్మ చెప్పింది. మన పాస్టరుగారు కృతజ్ఞతా కూడిక పెట్టించారు. ఆ రక్తంలోని మూలకణాలు వాడి ఎముకల్లోకి వెళ్లి, ఛార్జి తీసుకొని, కొత్త రక్తం తయారు చేయవలసి ఉండెను. అవి ఛార్జి తీసుకోలేదు. ఎందుకని అడిగితే డాక్టరమ్మ, "ఒక్కోసారి ఇట్లా అవుతుంది. బొడ్డు రక్తం దొరికేదే కొంచెం. బాబు బరువుకు అది చాలకపోయి ఉండవచ్చు. ఎవరి తప్పూ కాదు" అన్నది. ఎవరి తప్పూ కాని పనిని నేను మా ఆఫీసులో ఇంతవరకు చూడలేదు.

ప్రస్తుతం పిల్లవాడు ఇంట్లోనే ఉన్నాడు. మూతికి గుడ్డ, కిటికీ పక్కన మంచం, రక్తం ఎక్కించడానికి హైదరాబాదు ప్రయాణాలు. "బాపూ, చెల్లె రక్తం నాకు ఎక్కిచ్చిన్రు గద, నేను గూడ రాత్రి పక్క తడుపుతనా?" అని అడిగాడు. లేదని హామీ ఇచ్చాను.

ఇక అసలు విషయం. పాపకు పోలియో చుక్కలు వేయించాలి. ఆ చుక్కల్లో బతికున్న క్రిమి ఉంటుందనీ, అది కొన్ని వారాలపాటు పాప మలంలో పోతుందనీ, కృపాకర్ వంటి పిల్లవాడు ఆ ఇంట్లో ఉండరాదనీ డాక్టరమ్మ సూచన. కావున సదరు ఆడశిశువును తాత్కాలికంగా ఎల్లారెడ్డికి బదిలీ చేయడానికి నిర్ణయించడమైనది. ఆదివారం నేనే బస్సులో తెచ్చి అప్పగిస్తాను. పాలడబ్బా, సీసా జతచేయబడును.

నీ తమ్ముడు
జోయల్


ఎల్లారెడ్డి,
9 ఏప్రిల్ 2012

తమ్ముడు జోయల్‌కు,

శిశువు మంచి స్థితిలో అందినది. అందిన నాటి నుండి రాత్రి ఏడుపు, పగలు నిద్ర అనే క్రమశిక్షణను పాటిస్తున్నది. మా బిడ్డ పెండ్లయి దోమకొండకు పోయిన తర్వాత అటుక మీద పెట్టిన ఊయలను మీ వదిన శాంతవ్వ దించింది. చుక్కలు వేయించాము. ఆ సందర్భంలో శిశువు వ్యక్తపరచిన అభిప్రాయం మూడిండ్ల అవతలకు వినబడినది.

అవ్వ మాత్రం నీవు బస్సెక్కిన వెంటనే విచారణ ప్రారంభించింది. "తల్లిపాలు తాగే పిల్లను డబ్బాతోని తోలిచ్చిండా? ఎస్తేరుకు పాలు లేవా, మనసు లేదా?"

ఆ ప్రశ్నను నేను నీకు పంపకుండా ఆపేవాడిని. కాని నాకూ ఒక సందేహం కలిగింది. నీవు తెచ్చిన సంచిలో శిశువుకు ఏడాది వయసులో పట్టే రెండు గౌన్లు, ఒక ఉన్ని స్వెట్టరు, కుచ్చుటోపీ ఉన్నవి. ఎల్లారెడ్డిలో ఇప్పుడు కాకులు కూడా నీడకు వరుస కడుతున్నాయి. కొన్ని వారాల డ్యూటీకి ఎండాకాలంలో వచ్చిన ఉద్యోగి స్వెట్టరు తెచ్చుకోడు. ఉన్నది ఉన్నట్టు వ్రాయి.

అన్న
అబ్రాహాము


కామారెడ్డి,
2 మే 2012

పూజ్యులైన అన్నకు,

పోలియో చుక్కల సంగతి నిజమే. అయితే నిజం అంతటితో ముగియదు.

మా ఇంట్లో ప్రస్తుతం రెండు నివేదికలున్నాయి. మొదటిది డాక్టరమ్మది. రెండవది ఎస్తేరుది. పాప పుట్టినప్పుడు అవ్వ హైదరాబాదు ఆసుపత్రిలో బొడ్డుతాడు వెంట వచ్చిన మావిని అడిగి తీసుకొని, కొత్తకుండలో పెట్టి, మూతికి గుడ్డకట్టి బస్సులో తెచ్చిన సంగతి నీకు తెలుసు. నాగిరెడ్డిపేట చుట్టూ నలభై ఏండ్లు కాన్పులు చేసిన మనిషిని కాదనడానికి నర్సులకు ధైర్యం చాలలేదు. కుండలో ఏముందని కండక్టరు అడిగితే "మామిడి తొక్కు" అని చెప్పింది. కండక్టరు కొంచెం పెట్టమన్నాడు కూడా. మావిని మా ఇంట్లోనే పాతాలని ఆమె ఆలోచన. మా ఇంటి యజమానురాలు గంగాబాయి తన పెరట్లో తవ్వనియ్యలేదు. అందుచేత అవ్వ ఆ కుండతోనే ఎల్లారెడ్డి బస్సెక్కి, మీ పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టింది.

ఎస్తేరు వాదన ఇది: "దాని మావి ఎల్లారెడ్డిల పాతిండ్రు. దాని ఏర్లు ఆడ దిగినయి. ఈడ నా కొడుకు ఒంట్ల ఎట్ల నాటుకుంటది?"

ఆమె టెన్త్‌లో సైన్సులో క్లాసు ఫస్టు వచ్చినది. నేను డాక్టరమ్మ మాట గుర్తుచేశాను. "ఎవరి తప్పు గాదన్నది గద నీ డాక్టరమ్మ? అంటే ఎవలదో చెప్పతలేదన్నట్టు" అన్నది. రక్తం నిలబడలేదని తెలిసిన రోజునుండి పాపను ఎత్తుకోలేదు. ఏడిస్తే గోడవైపు తిరిగేది. చివరకు, "దాని ఏర్లున్న ఇంటికే దాన్ని తోలియ్యి" అన్నది. స్వెట్టరు సర్దినది కూడా ఆమెనే. ఎంతకాలానికి పంపుతున్నామో నాకు చెప్పకుండానే చెప్పింది.

ఈ రెండవ నివేదిక అవ్వకు ఎట్టి పరిస్థితులలోనూ తెలియరాదు.

జోయల్


ఎల్లారెడ్డి,
14 మే 2012

తమ్ముడికి,

నీ ఆదేశం అమలు కాలేదు. నీ ఉత్తరాన్ని చొక్కా జేబులో భద్రపరిచాను. శాంతవ్వ చొక్కా ఉతకబోతూ దాన్ని తీసి, అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి చదివింది. స్పీకరు పెట్టినా ఫోన్ వినబడని అవ్వకు, గడపలో కూర్చుని, అది మొదటి నుండి చివరి దాకా వినబడింది.

ఆమె అన్నం దగ్గర కూర్చుని లేచింది. మర్నాడు మేము లేచేసరికి జామచెట్టు కింద గడ్డపారతో తవ్వుతున్నది. మావి ఎన్నడో మట్టిలో కలిసింది. ఆ మట్టినే పాత చీరముక్కలో మూటకట్టింది. "ఏం జేస్తున్నవే అవ్వా?" అన్నాను. "కోడలు మాట నిజమే గదరా. ఏ ఇంటి పిల్ల ఏరు ఆ ఇంట్లనే ఉండాలె. ఊరంత తిరిగి చెప్పినదాన్ని, నా మన్మరాలి కాడ నేనే తప్పిన" అన్నది.

అవ్వా, అది వైద్యానికి సంబంధించిన సంగతి, నీ కుండకు సంబంధం లేదు అని వివరించాను. చాలా చక్కగా వివరించాను. నేను చెప్పులు వేసుకునేలోగా ఆమె కామారెడ్డి బస్సెక్కింది. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆమె వచ్చి వెళ్లి ఉంటుంది కనుక దీన్ని ముందస్తు సమాచారంగా పరిగణించలేవు. రికార్డు కోసం పంపుతున్నాను.

అబ్రాహాము


కామారెడ్డి,
25 మే 2012

పూజ్యులైన అన్నకు,

అవ్వ పర్యటన వివరాలు సమర్పిస్తున్నాను.

నేను ఆఫీసు నుండి వచ్చేసరికి ఆమె పెరట్లో గుంత తీస్తున్నది, గంగాబాయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నది.

"ఏందవ్వా, నా పెరట్ల గోరి కడుతున్నవా?"

"గోరి గాదు బాయీ. ఏరు పెడుతున్న."

"కిరాయికున్నోళ్లకు ఏర్లు పెట్టుకునుడుండదు. నెల నెల కిరాయి ఇచ్చుడు, పొమ్మంటే పోవుడు, గంతే."

"నీ ఇల్లు నాకొద్దు తియ్యి. జానెడు జాగ ఇయ్యి."

"జానెడిస్తెనే గద కోర్టుల కేసులయ్యేది!"

చివరకు గోడ అవతల, నల్లానీళ్లు పారే కాలువ పక్కన పాతుకోవడానికి గంగాబాయి అంగీకరించింది. ఆ స్థలం ఆమెది కాదు గనుక ధారాళంగా ఇచ్చింది. కావున పాప మూలం ప్రస్తుతం మునిసిపాలిటీ పరిధిలో ఉన్నది.

ఎస్తేరు తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. అవ్వ చేతులు కడుక్కుని వచ్చి, "ఎస్తేరూ, తెచ్చి ఈడ పెట్టిన. ఇగ పిల్లను తెచ్చుకో" అన్నది. "ఇప్పుడు తెచ్చి ఏం జెయ్యాలత్తా? ఎక్కిచ్చిన రక్తమే పాయె" అని ఎస్తేరు లోపలికి పోయింది. అవ్వ నీళ్లు కూడా తాగకుండా బస్టాండుకు నడిచింది. నేను వెంట వెళ్లాను. బస్సు కదిలేటప్పుడు, "దాన్ని ఒక్క మాట అనకురా. కొడుకు తల్లి అది" అన్నది.

పిల్లవాడు కిటికీలోంచి చూశాడు. వాడి కాళ్లమీద ఎర్రని చుక్కలు మళ్లీ వచ్చాయి. ఈ వారం రెండుసార్లు హైదరాబాదు వెళ్లాము.

జోయల్


ఎల్లారెడ్డి,
30 జులై 2012

తమ్ముడికి,

నీ అనుమతి లేకుండా ఒక పని జరిగింది. ఇక్కడి పాస్టరుగారు శిశువును ప్రతిష్ఠ ప్రార్థనకు తెమ్మన్నారు. ముందు నిలబెట్టి, పేరేమిటని అడిగారు. మీ ఉత్తరాలన్నిటిలో "పాప", "శిశువు" అని తప్ప పేరు లేదు. సంఘమంతా చూస్తున్నది. శాంతవ్వ నా వైపు చూసింది. నేను "తబిత" అన్నాను. ఎందుకన్నానో చెప్పలేను. అప్పుడు నోటికి వచ్చింది. మీరు వేరే పేరు అనుకుని ఉంటే తెలుపగలవు.

పై తబిత బోర్లపడి పాకుతున్నది. నా ఆఫీసు సంచి అంచు కొరికింది. మీరెవరూ అడగకపోయినా వ్రాస్తున్నాను.

అబ్రాహాము


కామారెడ్డి,
17 సెప్టెంబరు 2012

పూజ్యులైన అన్నకు,

పేరు విషయంలో అభ్యంతరం లేదు.

నిన్న డాక్టరమ్మ కొత్త సంగతి చెప్పింది. బొడ్డు రక్తం అయితే ఒక్కసారి దొరికేదే. కాని అదే పాప ఎదిగి, ఏడాది దాటి, తగినంత బరువుకు వస్తే, ఆమె నడుము ఎముకలోంచి మూలుగ కొంచెం తీసి అన్నకు ఎక్కించవచ్చునట. పాపకు మత్తిచ్చి తీస్తారు. తీసిన మూలుగ కొద్ది వారాల్లో మళ్లీ ఊరుతుందట. ఈసారి నాటుకునే అవకాశం ఎక్కువ. అప్పటిదాకా పిల్లవాణ్ణి జ్వరం రాకుండా కాపాడుకోవాలి. డిసెంబరు అనుకుంటున్నారు.

ఇంటికి వచ్చి ఎస్తేరుకు చెప్పాను. "అది ఏం తింటున్నదట?" అని అడిగింది. ఆరునెలల్లో పాప గురించి ఆమె అడిగిన మొదటి మాట. రాత్రికి, "గుడ్డు వెడుతున్నరా? శాంతక్కను అడుగు" అన్నది. సంతోషించవలెనా వద్దా అనే విషయంలో నీ సలహా కోరుతున్నాను.

తాత్కాలిక బదిలీని రద్దుచేసి పాపను నవంబరు చివరికి తిరిగి పంపవలసినదిగా మనవి.

జోయల్


ఎల్లారెడ్డి,
4 అక్టోబరు 2012

తమ్ముడికి,

గుడ్డు పెడుతున్నాము. పచ్చసొన తింటుంది, తెల్లది ఉమ్మేస్తుంది.

సూదివల్ల ఆమెకు హాని లేదని నీ డాక్టరమ్మ చెప్పింది. నేను ఇక్కడి డాక్టరును వేరుగా అడిగాను. అదే చెప్పాడు. కనుక ఆ విషయంలో అభ్యంతరం లేదు. చెల్లెలి ఎముకలో ఉన్నది అన్న ప్రాణానికి పనికివస్తే ఇవ్వవలసిందే. తబితకు మాటలు వచ్చి ఉంటే ఆమె కూడా ఇదే అనేదని నేను ఆమె తరఫున వ్రాయను. పసిదాని తరఫున సంతకం పెట్టడం అందరికీ అలవాటయింది. పుట్టకముందే ఆమెకు ఉద్యోగం కేటాయించాము.

నేను అడిగేది ఒక్కటే. తిరిగి వచ్చేది ఏ హోదాలో? మందుగానా, బిడ్డగానా? మూలుగ తీసిన మర్నాడు ఆమెను ఎల్లారెడ్డి బస్సు ఎక్కించరాదు. నాటుకున్నా సరే, నాటుకోకపోయినా సరే, ఆమె మీ ఇంట్లోనే ఉండాలి. ఈ షరతుకు నీ ఒప్పుకోలు చాలదు. ఎస్తేరు ఒప్పుకోవాలి.

మీ వదిన ఈ ఉత్తరం పంపవద్దన్నది. "షరతులు వెట్టెటందుకు మనమెవ్వలం? ముందుగల పిలగాడు బతకని" అన్నది. ఆమె మాట న్యాయమే. అయినా పంపుతున్నాను.

అబ్రాహాము


కామారెడ్డి,
26 నవంబరు 2012

అన్నకు,

సమాధి కార్యక్రమానికి వచ్చినందుకు కృతజ్ఞతలు తెలుపుకోవడం మర్యాద అని వ్రాస్తున్నాను. నీవే పెట్టె మోశావు. కనుక నీకు తెలియని సంగతి ఏదీ ఇందులో లేదు.

జ్వరం వచ్చిన రోజు బండి దొరకలేదని వ్రాయగలిగితే బాగుండును. దొరికింది. ప్లేట్లెట్లు దొరకలేదని వ్రాయగలిగితే బాగుండును. దొరికినవి. మందులు సకాలంలో ఇచ్చారు. నర్సు ఒకామె డ్యూటీ అయిపోయినా ఇంటికి పోలేదు. అన్నీ సక్రమంగా జరిగినవి, పిల్లవాడు చనిపోయాడు. ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. ఈసారి ఎస్తేరు ఏమీ అనలేదు.

సమాధుల దగ్గర వదిన పాపను ఎత్తుకుని వెనుక నిలబడింది. ఎస్తేరు అటు చూడలేదు. నేనూ చూడలేదు. నా కారణం వేరు: చూస్తే ఆ సమయంలో పాపను ఏమని పిలవాలో తెలియలేదు.

ఇకపై మూలుగ అవసరం లేదు. పోస్టు రద్దయినప్పుడు మనిషిని ఎక్కడ ఉన్నవాణ్ణి అక్కడే సర్దుబాటు చేయడం పద్ధతి. కావున పాప తాత్కాలిక బదిలీని శాశ్వతం చేయవలసినదిగా దరఖాస్తు చేసుకుంటున్నాను. మీకు ఆమె అలవాటైంది. మాకు కాలేదు.

జోయల్


ఎల్లారెడ్డి,
10 డిసెంబరు 2012

తమ్ముడు జోయల్‌కు,

నీ దరఖాస్తు తిరస్కరించడమైనది.

కారణం తెలపవలసి ఉన్నది. నీ ఉత్తరం చదివి మీ వదిన సంతోషించింది. దాచుకోవడానికి వంటింట్లోకి పోయింది. తర్వాత సంతోషించినందుకు ఏడ్చింది. అవ్వ ఊయల తాళ్లు గట్టిగా ఉన్నవో లేవో రెండుసార్లు చూసింది. నేను కూడా ఆ సాయంత్రం ఆఫీసు నుండి త్వరగా బయలుదేరి, దారిలో ఒక గిలక కొన్నాను. ఈ ఇంట్లో అందరమూ లబ్ధిదారులమే. మీ ఇంట్లో చావు జరిగితే మా ఇంట్లో లాభం రాసుకుంటున్నాము. లబ్ధిదారు తనకు తాను మంజూరు చేసుకోరాదు. ముప్పై ఏండ్ల సర్వీసులో నేను నేర్చుకున్న నీతి ఇదొక్కటే.

ఎస్తేరు అక్కరలేదంటే ఆమె చేతితో వ్రాయమను. ఆమె వ్రాసిన నాడు, ఆమె ఏది వ్రాస్తే అది చేస్తాము.

అన్న
అబ్రాహాము


కామారెడ్డి,
21 జనవరి 2013

బావగారికి,

ఎస్తేరు వందనాలు. మీ తమ్ముడు రాసినట్టు నాకు రాయరాదు. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

అత్తను అన్న మాటకు నాకు నిద్ర వస్తలేదు. కుండతోని ఏం గాదని నాకు ఎర్కనే ఉండె. అప్పుడు గూడ ఎర్కనే. ఎవల మీదనన్న పెట్టకపోతే నా మీదనే పడుతదని అత్త మీద పెట్టిన, పిల్ల మీద పెట్టిన.

దాన్ని జూస్తే నాకు కోపమని ఆయన అనుకుంటుండు. కోపం గాదు బావా. దాన్ని ఎత్తుకుంటే పిలగాడు యాదికొస్తడని భయం గూడ కాదు. వాడు ఎట్లనన్న యాదికొస్తడు. దాన్ని ఎత్తుకుంటే జరసేపు వాన్ని మర్చిపోతనేమో, గదీ నా భయం. వాడు పోయి ఎన్నో దినాలు కాలే. అప్పుడే మరిస్తే నేనేం తల్లిని?

దానికి నేను సరిగ పాలియ్యలే. అది అమ్మా అని ఎవల్నన్న పిలుస్తే శాంతక్కనే పిలువాలె. అడిగే మొకం నాకు లేదు.

ఈ ఆదివారం ఒక్కసారి వద్దామనుకుంటున్న. తీసుకపోనీకె గాదు. పొద్దటి బస్సుకొచ్చి, ఊకె చూసి, వెంటనే పోతా. వద్దంటే వద్దని రాయుండ్రి, ఏమనుకోను.

ఎస్తేరు


ఎల్లారెడ్డి,
24 జనవరి 2013

అమ్మా ఎస్తేరూ,

రావడానికి మా అనుమతి అవసరం లేదు. అయితే కొన్ని సంగతులు ముందుగా తెలియజేయడం నా బాధ్యత.

తబిత నడుస్తున్నది. గేటు దగ్గర ఎవరు నిలబడినా వెళ్లి రెండు చేతులూ పైకి చాపుతుంది. పాలవాడికి చాపింది. కరెంటు మీటరు చూడవచ్చిన మనిషికి చాపింది. నీకూ చాపుతుంది. గుర్తుపట్టిందని అనుకోవద్దు. పట్టలేదు. అయితే ఒకసారి చాపిన చేతులను ఆమె దించదు. ఎత్తుకునేదాకా అట్లాగే నిలబడి ఉంటుంది. మీటరు మనిషి చాలాసేపు అటూ ఇటూ చూసి, చివరకు పుస్తకం కింద పెట్టి ఎత్తుకున్నాడు.

శాంతవ్వ నిన్ను రమ్మన్నది. అన్నప్పుడు పిల్లను చంకలోంచి దించలేదు. అయినా అన్నది.

ఒక్క సవరణ. పొద్దటి బస్సు వచ్చే వేళకు పిల్ల నిద్రలో ఉంటుంది. నిద్రపోయే పిల్లను చూసి వెళ్లిపోవడం ఎవరికైనా సులభం. నీవు మధ్యాహ్నం బస్సుకు రా.

అబ్రాహాము